తట్టుడు

పట్టు నేర్సుకునేటోళ్లకు
ఒక మెడ కావాలె.
మా రవళికి జోడీగా వచ్చే పిల్ల
పరీక్షలని మానేసింది.
"ఎవలన్నా సరే, బరువు కలిస్తె సాలు"
అన్నడు ఐలోని సారు.
నేను టిఫిను డబ్బ పట్టుకొని తలుపు కాడ నిలబడ్డ.
నా దిక్కు సూసిండు.
యాభై రెండు కిలోలు.
కాంటా ఎక్కుడు నాకేం కొత్త?

శివనగర్‌ల, అండర్‌బ్రిడ్జి అవతల
పాత జిన్నింగు గోదాము.
పత్తి పోయింది, దూది వాసన పోలే.
ముందుగాల చేతులు కడుక్కోమన్నడు.
పొద్దంత ఎనుమాముల యార్డుల
తేజ కాయ తొడిమెలు తీసిన చేతులు.
సబ్బుకు పోదు మంట, మజ్జిగకు పోదు.
మొదటి దినం నా చెయ్యి ఆనిన కాడల్లా
పిల్ల మెడ ఎర్రగ పొంగింది.
"అమ్మా, నువ్వు పట్టు పట్టకుంటనే గెలుస్తవ్" అన్నది.

ఎనుక కూసోవాలె.
కాళ్లు రెండు నడుముకు కొక్కేల లెక్క ఎయ్యాలె.
కుడి చెయ్యి గదుమ కింద నుంచి పోవాలె,
మోచెయ్యి మడత గొంతు నడిమికి.
ముంజేతి ఎముక ఒక పక్క నరానికి,
దండ కండ ఇంకో పక్క నరానికి.
అరచెయ్యి పోయి ఎడమ దండను అందుకుంటది,
ఎడమ చెయ్యి తలకాయ ఎనుక దాక్కుంటది.
"పిసుకుడు కాదమ్మా" అంటడు సారు,
"ఊపిరి ఆడుతనే ఉంటది, నెత్తురే పైకి ఎక్కది.
బలం ఎందుకు? ఛాతి ఉబ్బియ్యి, అంతే."

గది నాకు ఎరుకే.
బస్తా మూతి కుట్టేటప్పుడు
సుతిలి గుంజితె తెగుతది.
నిమ్మళంగ బిగించుకుంట పోతె
ఒక్క కాయ జారది.

మెడ బిగుసుకుంటె రెండుసార్లు తట్టాలె అన్నరు,
చాప మీదనో, పట్టినోళ్ల చెయ్యి మీదనో.
నేను తట్టలే.
రెండోసారీ తట్టలే.
మొండితనమని అనుకున్నరు గని
తట్టాలన్న సంగతే యాదికి రాలే.
ఘాటుకు దగ్గుకుంట దగ్గుకుంట
ఇంకో బస్తా ముందలికి గుంజుకున్నదాన్ని,
నాకు అదొక్కటే తెలుసు.

మూడోసారి
ట్యూబులైటు చిన్నగయ్యింది.
అవతల గూడ్సు బండి
చప్పుడు లేకుంట పోయింది.
ఇగ ఏం లేదు.

కండ్లు తెరిస్తె రవళి ఏడుస్తున్నది.
సారు నా కాళ్లు పైకెత్తి పట్టుకున్నడు.
"పిల్లకు పట్టొచ్చింది. నీకే ఏం రాలే" అని తిట్టిండు.
"నువ్వు తట్టకుంటె
ఎప్పుడు ఇడువాల్నో దానికెట్ల తెలుస్తది?"

నెల దినాలు నాతోని తట్టుడే చేయించిండు.
చెయ్యి గదుమకు తగిలితె తట్టు,
తగలకముందే తట్టు.
పిల్లలు నవ్విన్రు, నేనూ నవ్విన.
ముప్పై తొమ్మిదేండ్ల చెయ్యి
గాలిల లేస్తది, సగంల ఆగుతది,
ఎవలన్నా ఏమంటరో అని సూస్తది.

పదిహేను తారీఖు కరీంనగర్‌ల పోటీలు.
రవళి పోతది.
నేనూ, టిఫిను డబ్బా.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
నిద్రల దొర్లి దాని చెయ్యి
నా మెడ మీద ఏసింది.
మోచెయ్యి సరిగ్గ గదుమ కింద.
జరుపుదామనుకున్న.
మళ్ల, సూద్దామని,
మెల్లగ రెండుసార్లు తట్టిన.

అది కండ్లు తెరవలే.
చెయ్యి ఇడిసింది.