సమాధానకారక్

పొద్దుగాల నాలుగు కొట్టకముందే
బోరింగు కాడికి పోత.
సైడింగుల రేక్ ఆగకముందే
ఉతికి, జాడిచ్చి, పిండి, దండెమెయ్యాలె.
రేక్ ఆగిందా, ఇగ అంతే.
తెల్లంగి తెల్లగుండేది
చాయ తాగినంత సేపు.

ఘుగ్గుస్‌ల మా బస్తీకి పేరు లేదు.
రేషన్ కార్డు మీద "సైడింగ్ మాగె" అని రాసిన్రు,
సైడింగ్ ఎనుక అన్నట్టు.
మా మామ సిర్పూర్ దిక్కు నుంచి వచ్చిన్నాడు
ఇదంత పత్తి చేనంట.
ఆయన నెత్తిమీద తెచ్చిన బండ మీదనే
నేనింక బట్టలు కొడుతున్న.
నడుమ గుంట వడ్డది, అరచెయ్యంత.

అత్త లస్మవ్వకు కండ్లు కనవడయి.
దండెం కాడ నిలవడి
ఆరిన చీర కొస నాలుకకు తాకిస్తది.
"ఇది వాషరీది, తడితడిగున్నది."
"ఇది థర్మల్ బూడిద, ఉప్పు లేని పిండి లెక్క."
"ఇది ఇనుము ఫ్యాక్టరోనిది,
పది దాటినంక ఇడుస్తడు, దొంగ సచ్చినోడు."
ఆమె లెక్క ఎన్నడు తప్పలే.
ఆమెకు జీతమిచ్చేటోడు లేడు.

చౌక్‌ల మాత్రం ఒక బోర్డు వెట్టిన్రు,
పచ్చ అక్షరాలు ఉరుకుతుంటయి.
దాని మిషను యాడున్నదంటే
సాహెబుల కాలనీల, గెస్ట్‌హౌస్ మిద్దె మీద.
చుట్టు అశోక చెట్లు,
మూడు పూటల పైపువట్టి నీళ్లు చల్లే మాలి.
గాలి ఆడ ముఖం కడుక్కొని
మిషను ముందట నిలవడ్తది.

నా బిడ్డ ప్రణాలి మరాఠీ బడిల ఏడో తరగతి.
బోర్డు చదివి చెప్పింది:
"అమ్మా, ఇయ్యాల హవా సమాధానకారక్."
నాకు సంబురమైంది.
సమాధానమంటే జవాబే గద!
నాలుగేండ్ల సంది పెట్టిన అర్జీలకు
ఎవలో ఒకలు జవాబిచ్చిన్రనుకున్న.
బిడ్డ నవ్వింది, దగ్గింది, మల్ల నవ్వింది.
"కాదే. వీళ్ల భాషల సమాధానమంటే తృప్తి.
గాలి తృప్తిగున్నదంట."
ఎవలికి, అన్న.
బోర్డు మీద అది రాయలే.

మాసిన అంగి ఏసుకొచ్చిందని
ఆ దినమే దాన్ని ప్రార్థన వరుసల కెళ్లి
బయట నిలవెట్టింది పంతులమ్మ.
చాకలోల్ల పిల్లకు మాసిన అంగి!
సాహెబుల దుప్పట్లు నేను
వాళ్ల మిద్దె మీదనే ఆరేస్త.
కొంగ ఈకల లెక్క వస్తయి.
అదే సబ్బు, అవే చేతులు, అదే నీళ్లు.

ఆ రాత్రి పెట్టె తీసిన.
మామ పెండ్లినాటి పంచె, ఒక్కనాడు కట్టనిది.
నడిమికి చింపిన.
సగం కాలనీల ఆరేసిన, సగం ఇంటి ముందట.
మూడు దినాలు.
లస్మవ్వ చింపిన సప్పుడు ఇన్నది,
ఎందుకని అడగలే.

వాషరీ పెద్దగ చేస్తరంట, జనసునావణి పెట్టిన్రు.
పందిరి, కూలర్, ఇటుకంత ఇంగ్లీషు ఫైలు.
నాకు మరాఠీ సగమే వస్తది,
కోపమొస్తే అది గూడ రాదు.
పక్కింటి కౌసల్యాబాయి మడావి
నా చెయ్యి వట్టి స్టేజీ ఎక్కిచ్చింది.
"రిపోర్ట్ ఉందా బాయి?" అన్నడు సాహెబు.
ఉన్నదన్న.
రెండు ముక్కలు బల్ల మీద పక్కపక్కన పరిచిన.
నల్లదాన్ని ఒక్కసారి దులిపిన, అంతే.

సాహెబు ఏమనలే.
గబుక్కున చాయ కప్పు మీద
సాసరు మూతవెట్టిండు.

పందిరంత సూసింది.
ఎనుక బెంచీల ఎవలో కిసుక్కుమన్నరు,
మా ఓదెలే అనుకుంట.
నాలుగేండ్లల్ల మాకందిన మొదటి సమాధానం అది,
మా భాషల.

గుమాస్త రసీదు రాసిచ్చిండు:
"కాపడ్, దోన్ నగ్."
బట్ట, రెండు ముక్కలు.
వాపస్ ఎప్పుడిస్తరు, అన్న.
ఫైలుకు కుట్టాలె, ఇయ్యమన్నడు.
అట్లెట్ల సార్,
అవి రెండు కాదు,
ఒక్కటే పంచె.