బంగారు అక్షరాలకి విడిగా

బోర్డు మీద ఒడియా, గల్లాపెట్టె మీద తెలుగు,
పుస్తకాల వెన్ను మీద ఇంగ్లీషు.
పర్లాకిమిడిలో నా బైండింగు కొట్టుకి
మూడు లిపులకీ జిగురొకటే.
నల్ల రెక్సిను రెండొందల నలభై.
బంగారు అక్షరాలకి విడిగా.

మార్చి నెలాఖరుకి వరసకట్టేవారు,
మలావీ, ఇథియోపియా, లెసోతో.
మావాడి అట్లాసులో వేలుపెట్టి వెతుక్కున్నాను.
వాళ్ళెలా వెతుక్కున్నారో మా ఊరిని!
"మౌసీ, రేపటికి కావాలి."
ఎవరికైనా రేపటికే.

టిగిస్ట్ పేరులో ఒక అక్షరం మింగేశాను.
ఏడుస్తుందనుకుంటే నవ్వేసిందా గుంట.
ఇప్పుడు దుబాయిలో, హోటలు బల్ల వెనక.
చొక్కా మీద పేరుబిళ్ళ ఫొటో తీసి పంపింది:
"ఇక్కడా తప్పే, మౌసీ."
మట్టిలో జింకు లెక్క తేల్చిన పిల్ల
తాళాలందిస్తూ గది నంబర్లు చెబుతోంది.

తాబో తిరిగెళ్ళి మేష్టరయ్యాడు, సగం జీతానికి.
యోనాస్ పూణేలో రాత్రుళ్ళు ఫోన్లెత్తాడు కొన్నాళ్ళు.
వీసా అయిపోయాక
అతని ఫోనే ఎవరూ ఎత్తడం లేదు.

చిసోమోది చోడి మీద చదువు.
మా ఇంటి అంబలి గ్లాసుడు తాగి
కాసేపు ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ గ్లాసు చాపాడు.
అయిదు కాపీలు కట్టించి నాలుగు పట్టుకెళ్ళాడు.
అయిదోదానికి డబ్బు చాల్లేదు.
నౌపడ రైలెక్కుతూ "పంపిస్తాను" అన్నాడు.
మూడేళ్ళు. పై అరలో ఉంది.

మొన్న మిట్టమధ్యాన్నం ఫోను.
అంత పొడుగు నంబరు దొంగలదే అనుకున్నాను.
ఆడగొంతు. విత్తనాల కంపెనీట, బ్లాంటైరట.
ఇండియాలో మిమ్మల్నెరిగినవారు, అన్న గడిలో
ప్రొఫెసర్లందర్నీ వదిలేసి
నన్ను రాశాడట:
పొట్నూరు దమయంతి, పబ్లిషర్.

పబ్లిషర్!
జిగురు చెయ్యి చీరకి తుడుచుకుని లేచి నిలబడ్డాను,
ఆవిడకి కనిపిస్తున్నట్టు.
"నిజాయితీ మనిషేనా? అక్కడ బాకీలేమైనా ఉన్నాయా?"
పై అర వైపు చూశాను.
నాకొచ్చిన ఇంగ్లీషు నలభై మాటలు.
"నో డ్యూస్" వాటిలో రోజూ అచ్చేసేది.
అదే చెప్పాను. రెండుసార్లు.

ఉద్యోగం వచ్చిందో లేదో కబురు లేదు.
వస్తే చెబుతాడు. రాకపోతే అసలే చెప్పడు.

శనివారం దుమ్ము దులుపుతూ
ఆ అయిదోదాన్ని మొదటిసారి తెరిచాను.
చోడి వేళ్ళ బొమ్మలున్న నలభై మూడో పేజీ
తలకిందులుగా కుట్టేసి ఉంది.
నా కుట్టే.
మిగతా నాలుగూ అదే రాత్రి, అదే నిద్రకళ్ళతో కట్టినవి.
వాడు చూడకుండా ఉంటాడా?
వేళ్ళు పైకి, కంకి కిందికి
పట్టుకుని తిరుగుతున్నాడు ఊరూరా,
నా పేరు ఎక్కడా చెప్పకుండా.
చెప్పినచోట పబ్లిషరని చెప్పి.