అరచేతంత చెమ్మ

రేణిగుంట రోడ్డులో ఇప్పుడు
పైకప్పులు లారీలో వస్తా ఉండాయి.
ఒక్కో పలకకీ ఎర్ర రంగుతో నెంబరు.
క్రేను దించుతుంది, ఇద్దరు అతుకు పూస్తారు,
పొద్దు వాలేలోపల ఇంకో అంతస్తు.

బాగానే ఉంది.
సెంట్రింగు కర్రలకి బాడుగ లేదు,
మబ్బు పడితే గుండె జారదు.

చెంగమ్మ మాత్రం అడిగింది:
"మరి స్లాబు రోజు కోడికూర ఎవురు పెడతారబ్బా?"

కరకంబాడిలో మేం పోసిన స్లాబు
ఇరవై ఒక్క రోజులు నీళ్లు తాగింది.
గట్లు కట్టి, గోతాలు పరిచి,
అర్ధరాత్రి లేచి తడిపినాను.
పచ్చి కాంక్రీటు మీద
ఎవరిదో కుక్కపిల్ల నడిచిపోయింది.

ఇప్పుడు కింద పడుకుని చూస్తే
చెక్కల ఈనెలు అచ్చుపడిన కప్పు,
మూలన అరచేతంత చెమ్మ.

అది నాదే.
వైబ్రేటరు ఆగిపోయిన పది నిమిషాలు.

ఫ్యాక్టరీ పలకలో అట్లాంటి తప్పుండదంట.
ఉన్నా, ఎవరిదో తెలీదు.