జిలేబీలకు పోతే

శుక్రారం నమాజు అయినంక
అల్ హాయిర్ తొవ్వ పట్టినం ముగ్గురం.
పోశెట్టి పికప్పు, వెనుక పాత ఏసీ డొక్కుల నడుమ
నేనూ మోతలేబూ.

రియాద్ మొత్తం ఒళ్లు కడుక్కొని ఇడిసిన నీళ్లు
ఇక్కడిదాకా పారుకుంట పారుకుంట
ఎట్లనో తేటబడ్డయి.
బత్తాల మా రూమోళ్లు
బకెట్లు లెక్కపెట్టి పోసుకున్నయి సుత
ఇండ్లనే ఉండి ఉంటయి.
అటు జమ్ము, ఇటు జమ్ము,
ఆవల ఎవ్వలకూ అక్కరలేని ఎండ.

వచ్చింది జిలేబీలకు.
అరచెయ్యంత ఉంటే చాలు,
రూముల పదకొండు మందిమి, మనిషికొక్కటి.
ఖుబ్బూస్ తడిపి, పసుపు కలిపి,
శెనగగింజంత ఉండ చేసి
చీమ నడుమసొంటి గాలానికి గుచ్చిన.
దాని తాహతు దానికి తెలుసు.
నెలకు పన్నెండు వందల రియాళ్లోడు
పెద్దదానికి ఎర పెట్టడు.

మొదటిది ఎట్ల తాకిందో సూడనేలేదు.
బెండు మునగలే, పక్కకు జరిగింది,
పెండ్లి బంతిల అలిగి
కుర్చీ జరుపుకున్న పెద్దమనిషి తీరు.
గుంజిన.
నీళ్లే నన్ను గుంజినయి.
రీలు కుట్టుమిషను లెక్క మొత్తుకున్నది,
దారం చూపుడువేలు కోసుకుంట పోయి
టప్పున తెగింది.

రెండోది మోతలేబు కడ్డీ ఇరిసింది.
"కార్ఫు! కార్ఫు!" అని ఒర్రిండు,
బస్సెక్కి పోతున్నోన్ని పేరు పెట్టి పిలిచినట్టు.
మా దిక్కు దాన్ని బంగారుతీగ అంటరు.
పోశెట్టి నవ్విండు:
"పద్నాలుగేండ్లాయె, తులం తీగ కొనకపోతి.
ఇగో, ఈడ ఈదుతున్నది."

మూడోది పొద్దు గూకంగ, మల్ల నాకే.
ఈసారి గుంజలే. ఇచ్చిన.
పోయిన కాడికి పోనిచ్చి
అలిసిన కాడ రెండు చుట్లు చుట్టుకున్న.
మల్ల పోయింది. మల్ల ఇచ్చిన.
అప్పిచ్చినోనితోని మాట్లాడినట్టు
తెంపకుంట, ఇడవకుంట.

అప్పుడే అంగి జేబుల ఫోను వణికింది.
రాజవ్వ. ఆ పాట ఆమెకే పెట్టిన.
రెండు చేతులూ చేప దగ్గర ఉన్నయి.
ఆగింది. మల్ల మోగింది.
రొమ్ము మీద ఒకరు తడుతుంటే
మోకాళ్ల లోతుల నిలబడి
ఇంకొకరికి దారం ఇడుసుకుంట...
ఏడు సార్లు.

మోతలేబు తలగుడ్డ ఇప్పి కిందికెల్లి చాపిండు.
ఒడ్డున పడ్డది,
బోర్లించిన ఇత్తడి బిందె
ఊపిరి తీస్తున్నట్టు.
చిన్న గాలం పెదవి అంచుకు
సగం సాగి, ముక్కుపుల్ల లెక్క.
ఇంకొక్క గుంజుడైతే లేకపోవు.

ఊరికి పోయెటోళ్ల పెట్టెలు తూచే కాంటా
పోశెట్టి బండిల ఎప్పుడూ ఉంటది.
తొమ్మిది కిలోల నాలుగు వందలు.
"చేతి సంచిల నడవది," అన్నడు, "దించేస్తరు."

తడి చేతులతోనే ఫోను చేసిన,
ఎవలకేమైందో అని గొంతు ఎండుకపోయి.
"గ్యాసాయన వాకిట్ల నిలబడె!
నీ ఫోనుకు నంబరు వచ్చింది, చెప్పుమంటే ఎత్తవు.
బండి మర్లిచ్చుకపాయె."
చేప పడ్డదన్న.
కొంచెంసేపు ఏం అనలే.
"ఎంతది?"
చెప్పిన.
"అంతదానికి మీ రూముల గంజున్నదా?"

గంజు లేదు.
అది ఆలోచన చేసుకుంట వెనుకకు మర్రిన.
మోతలేబు నీళ్లల్ల కూసొని
దాన్ని కడుగుతుండె.
"జారింది," అన్నడు.
ఒక్కసారి కాదు, రెండుసార్లు అన్నడు.
పోశెట్టి ఆకాశం దిక్కు సూసిండు.
నేను తలగుడ్డ దులిపితే
రూపాయి బిళ్లంత పొలుసు ఒకటి రాలింది.

ఆ రాత్రి పదకొండు మందికి
పన్నెండు గుడ్ల పులుసు.
గాలాన్ని పళ్లతోని సరిచేస్తుంటే
రాజవ్వ వీడియోల సూసి
"చెయ్యి ఎందుకట్ల ఊగుతున్నది?" అన్నది.
కొత్త నంబరు అప్పుడే వచ్చింది.
రాసుకో, అన్న.
ఒక్కొక్క అంకె చదివిన, మెల్లగ,
తెగకుంట.