ఫోను పట్టుకునేవాడు

మూడో మంగళవారం వచ్చిందంటే
ఎదువీనాను కాస్ట్రో రేవులో దించడం నా పని.
చిలీ దేశం తోక చివర మా దీవి,
అక్కణ్ణించి గంటన్నర నీళ్ళ మీద.
ఆవిడ ఆసుపత్రి బల్ల మీద, నేను గట్టు మీద.
తిరిగొచ్చేటప్పుడు డాక్టరేమన్నారని అడిగితే
"చేతులు చల్లగా ఉన్నాయి" అనేది.
అంతే.

ఇప్పుడు డాక్టరమ్మే ఫోనులోకి వచ్చేసింది.
పడవ ఒడ్డున బోర్లా పడుకుంది.
ఫోను పట్టుకోవడానికి మాత్రం నేను కావాలట.

మొదటిసారి ఇరవై నిమిషాలూ
డాక్టరమ్మకు వంటింటి కప్పే కనిపించింది.
రెండోసారి ఎదువీనా చెవి.
ఫోనంటే చెవికి ఆనించుకునేదే కదా, ఆవిడ తప్పేముంది?
మూడోసారి చర్చికెళ్ళే కోటు, తడిపి దువ్విన జుట్టు,
నడుము దాకా సింగారం, కింద గొర్రెబొచ్చు మేజోళ్ళు.
"పాదాలు చూపించండి" అంది డాక్టరమ్మ.

"బొటనవేలితో నొక్కండి. వదలండి. గుంట పూడిందా?"
ఎనిమిదేళ్ళుగా వేరేవాళ్ళే నొక్కిన కాలు.
తన కాలినే పరాయిదానిలా తాకింది.
"పులియని పిండిలా ఉందమ్మా, లేవడం లేదు."
అటునుంచి మాట లేదు.
సిగ్నలు పోయిందనుకున్నాం.
రాసుకుంటోందట.

రాసుకుని తలెత్తి,
"వెనక పొయ్యి మీద వేలాడుతున్నవేమిటి?" అంది.
ఉప్పులో ఊరి పొగచూరిన ఆల్చిప్ప మాంసం దండలు.
ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళూ
"ఉప్పా? ముట్టనే ముట్టను" అన్న మనిషి
"నావి కావు, ఈ రోసమెల్‌వి" అంది
నా వంక చూడకుండా.
అద్దం అబద్ధమాడదంటారు,
ఈ అద్దం చాడీలు కూడా చెబుతుంది.
మరుసటి నెల కుర్చీ తిరిగింది.
వెనక తెల్లగోడ, మేరీమాత పటం.

అలా అలవాటుపడ్డాం.
కిటికీ దగ్గర మూడో చెక్క మీద నిలబడితే సిగ్నలు.
వానకి రేకులు మోగితే అరవాలి;
దోన్ ఉల్దారిసియో మొలల సంగతి
చర్చి దాకా వినబడింది.
దీవిలో ఎవరికి జబ్బు చేసినా
ఫోను పట్టేది నేనే.

నిన్న మధ్యలో డాక్టరమ్మ ఆగింది.
"బొమ్మ వణుకుతోంది."
సిగ్నలు, అన్నాను.
"సిగ్నలైతే ఆగిపోతుంది. వణకదు."
గాలి, అన్నాను. తలుపులన్నీ మూసే ఉన్నాయి.
"ఫోను పట్టుకున్నదెవరు?"

నలభై ఏళ్ళు తెడ్డు పట్టిన చెయ్యి.
చెయ్యి ఊగితే కెరటమనుకునేవాణ్ణి.
పడవ ఒడ్డెక్కాక కూడా
లోపలింకా నీళ్ళు మిగిలాయనుకున్నాను.

ఎదువీనా లేచింది, ఆ వాచిన కాళ్ళతోనే.
నా చేతిలోంచి ఫోను తీసుకుంది.
కుర్చీ నా వైపు తోసింది.
"కూర్చో. చెయ్యి చూపించు."
మళ్ళీ ఏదో గుర్తొచ్చి,
"ఆగు, ముందు జుట్టు తడుపుకో."