తడి వేలు

బందరు కాలువ లాకుల దగ్గర
మా మేనమామ పిచ్చయ్య లస్కరు.
తలుపు ఎన్ని అంగుళాలు లేచిందో
పూటపూటా రిజిస్టర్లో రాసేవాడు,
వేలు నాలుక్కి అద్దుకుని పేజీ తిప్పేవాడు.
"సర్కారు పుస్తకాన్ని ఎంగిలి చేస్తావేం"
అని ఓవర్సీరు కసిరినా మానలేదు.

సూర్యారావుపేటలో మా ల్యాబు, మూడో అంతస్తు.
కింద ఎక్స్‌రే సెంటరు, పక్కన ఇడ్లీ బండి.
నా అరచేతిలో గాజు బిళ్ళ,
తపాలా బిళ్ళంత కూడా లేదు.
లోపల వెంట్రుక కన్నా సన్నటి కాలువలు.
వాటికీ లాకులున్నాయి,
గాలి నొక్కితే మూసుకుంటాయి.
మామ చూస్తే అడిగేవాడు:
"ఎన్నెకరాలు పారుతుందే ఇది?"

ఆదివారం. ఎవరూ లేరు.
ఆఫీసు వాళ్ళు తగలబెట్టబోతే అత్త దాచిన రిజిస్టరు,
పేజీ మూల గోధుమ రంగు మరక,
నానబెట్టి
చుక్కలో వందో వంతు కాలువలోకి వదిలాను.
నలభై నిమిషాలు.
మధ్యలో కరెంటు పోయి వచ్చింది.

తెర మీద గీతలు లేచాయి.
ఉమ్మిలోని ప్రోటీను, ముక్కలుముక్కలై,
అన్నం నమిలితే తీపెక్కించేదే,
ముప్పై ఏళ్ళు కాగితం మీద ఆకలితో ఉంది.
పక్కన ఇంకోటి, అన్నిటికన్నా పొడుగ్గా:
కెరటిన్. చర్మానిది.
నాదే.
తొడుగు లేకుండా ముట్టుకున్నాను పేజీని, ఒక్క క్షణం.

యంత్రం దాని ఎదురుగా రాసింది: కల్తీ.
పద్ధతి ప్రకారం కొట్టేయాలి.

కొట్టెయ్యలేదు.
తేదీ వేసి, కింద
తలుపు రెండంగుళాలు తెరిచి ఉంది
అని రాశాను.