పళ్ళెంలో తామర

తామర అంటే పువ్వనే రాశాను
మూడో తరగతి పలక మీద.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వెనక
మిరపకాయల తొడాలు తీసే నాగూర్‌బీ
చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి జరిపి
"ఇదీ తామరేనమ్మా" అని చూపించింది:
అంచులు ఎర్రగా, నడుమ మాసిన రాగిరంగు,
ఒకదాన్నొకటి కొరుక్కుంటూ పోయిన గుండ్రాలు.
మే నెల. గుంటూరు.
చెమట, ఘాటు, మళ్ళీ చెమట.
గోకితే మంట. గోకకపోతే అంతకన్నా మంట.

మందుల షాపు కుర్రాడిచ్చిన ట్యూబు
వారంలో మాయం చేసిందట,
పై వారం రెట్టింపు చేసి తిరిగిచ్చిందట,
వడ్డీతో సహా.

మొద్దు బ్లేడుతో అంచు గీరాను.
పొట్టు రాలింది, చిటికెడు కూడా కాదు.
నల్ల కాగితంలో మడిచి
పేరు రాయకూడదు కనక
ఏడో నంబరు అని రాశాను.

ఆమె ఊరుకోలేదు.
"గీరుకున్నావుగా, ఇది కూడా పట్టుకుపో" అని
కొంగుముడి విప్పింది. నాగమల్లి ఆకు,
ఒంటి వేడికి అప్పుడే వడిలిపోయి.
"మా అత్త నిమ్మరసంతో నూరేది.
నీళ్ళతో నూరితే ఉత్త పచ్చడి."

మా సారు నవ్వలేదు, అదే పదివేలు.
"వేపాకు కూడా పెట్టు, లేకపోతే ఎవరూ ఒప్పుకోరు" అన్నారు.
వేప, కానుగ, సీమ అవిసె, పసుపు, నాగమల్లి
హాస్టల్ మేడమెట్ల కింద నీడన ఆరబెట్టాను.
పసుపుకొమ్ములు రెండు వార్డెన్ సాంబారుకి తీసుకుపోయింది.
మిగిలినవి దంచి, జల్లించి,
సగం నీళ్ళలో, సగం ఆల్కహాలులో.

మొదటి విడత పళ్ళేలు కరెంటు కోతలో పోయాయి.
ఇరవై ఎనిమిది డిగ్రీలు కావాలి ఆ బూజుకి.
గుంటూరు ఇవ్వదు.
నాగూర్‌బీ నడుము మీద ఎలా బతికిందో మరి!

రెండో విడత.
వేప బిళ్ళ చుట్టూ ఏమీ లేదు.
అంటే ఉంది, బూజు, దర్జాగా బిళ్ళ మీదికెక్కి.
రెండుసార్లు కొలిచాను,
వేప ఓడిందని రాయడానికి చెయ్యి రాలేదు.
నాగమల్లి, నీళ్ళది: సున్నా.
నాగమల్లి, ఆల్కహాలుది: పద్నాలుగు మిల్లీమీటర్లు.
తెల్లటి మేట మధ్యలో చిన్న ఖాళీ చక్రం,
పొద్దున్నే ఎవరో లేచి
వాకిలంత మేర ఊడ్చిపెట్టినట్టు.
కంపెనీ మందు చుట్టూ ఇరవై ఆరు.
మూడోసారి చేస్తే నాగమల్లి తొమ్మిదే ఇచ్చింది.
ఎందుకో తెలియదు.
తెలియదనే రాశాను.

ఆదివారం యార్డుకి సెలవు. నాగూర్‌బీ వచ్చింది,
వద్దన్నా చెప్పులు గుమ్మం బయటే విడిచి.
మూత తియ్యకుండా ఏడో నంబరు పళ్ళెం
కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాను.
తెల్లగా, మెత్తగా, అప్పుడే విచ్చిన పత్తికాయలా
నడిమి నుంచి అంచుకి జరుగుతూ...
చాలాసేపు చూసింది.
"ఇది నాదేనా?"
నీదే.
"నా ఒంటి మీద ఇంత అందంగా లేదే!"

అయితే ఆకు పూసుకోనా అంది.
ఆగమన్నాను. పళ్ళెంలో ఉన్నది చర్మం కాదన్నాను,
చర్మాల డాక్టరుకి చీటీ రాసిచ్చాను.
"మా అత్త ఎవర్నీ అడగలేదు" అంది,
కోపంగా కాదు.
ఆ మాట ఏ గడిలో రాయాలో
నా రికార్డు పుస్తకంలో లేదు.

"ఆల్కహాలు అంటున్నావు, మరి నిమ్మరసం?"
వెయ్యలేదు.
"వెయ్యకుండా మా అత్త మందు చూశానంటావేం?"

ఆమె వెళ్ళాక చూస్తే
బల్ల మీద, మైక్రోస్కోపు పక్కన
పసుపు తిరిగిన నిమ్మకాయ ఒకటి,
కొంగు ముడతలోని మిరపధూళి ఇంకా అంటుకునే ఉంది.
తుమ్మాను.
ఫ్రిజ్‌లో పెట్టి, మీద చీటీ అతికించాను:
తినవద్దు. ప్రయోగం.